ఐసీయూలో ఉన్న మనిషికి మందులకు లొంగని బ్యాక్టీరియా అంటకుండా ఇంటివాళ్లు ఏం చేయాలి

"సిస్టర్, వచ్చిన నాలుగు రోజులూ బాగానే ఉన్నాడు. ఇప్పుడు మళ్లీ జ్వరం. కల్చర్‌లో ఏదో క్లెబ్సియెల్లా అట, మందులు పనిచెయ్యవట. మేమేం చెయ్యాలి?" శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఐసీయూ గుమ్మం దగ్గరైనా ఈ మాట వినబడుతుంది. ఐసీయూ నర్సుగా నన్ను ఎక్కువమంది అడిగేదీ ఇదే. కల్చర్ అంటే రక్తంలోనో, మూత్రంలోనో, కఫంలోనో ఏ బ్యాక్టీరియా ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష. క్లెబ్సియెల్లా అలాంటి ఒక బ్యాక్టీరియా పేరు. బాధేమిటంటే, రిపోర్టు వచ్చాక అడుగుతారు. ఇంటివాళ్లు చేయగలిగిన పనిలో ఎక్కువ భాగం అంతకు ముందే ఉంటుంది. అందుకే మొదటి రోజు నుంచి ఏం చేయాలో వరుసగా రాస్తున్నాను.

ముందు, ఎవరికి ఈ ముప్పు ఎక్కువో తెలుసుకోండి. గత మూడు నెలల్లో యాంటీబయాటిక్ వాడినవాళ్లు, ఆ మూడు నెలల్లో ఆస్పత్రిలో ఉండి వచ్చినవాళ్లు, ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి మారినవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, షుగరు అదుపులో లేనివాళ్లు, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు, పెద్ద వయసువాళ్లు. ఐసీయూలో చేరాక వెంటిలేటర్, మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి వేసే పైపు (సెంట్రల్ లైన్), యూరిన్ పైపు, బలమైన యాంటీబయాటిక్‌లు, ఎక్కువ రోజులు అక్కడే ఉండటం దీనికి తోడవుతాయి. వయసునీ, షుగరునీ ఆ పూట మనం మార్చలేం. కానీ పాత మందుల వివరం, లోపలికి వెళ్లే చేతులు, పైపులు ఎన్నాళ్లు ఉంటాయన్నది, ఈ మూడింట్లో మీ మాటకూ మీ పనికీ విలువ ఉంది.

కావాల్సినవి

- ఒక చిన్న నోటు పుస్తకం, పెన్ను. రాయడం రాకపోతే ఇంట్లో ఇంటర్ చదివే పిల్లకో పిల్లాడికో ఆ పని అప్పగించండి. ఫోన్‌లో రాసినా చాలు.
- మూడు నెలల్లో వాడిన మందుల స్ట్రిప్పులు, చీటీలు, పాత డిశ్చార్జి కాగితాలు, ఉంటే పాత కల్చర్ రిపోర్టులు.
- గోళ్లు తీసే కట్టర్, చిన్న శానిటైజర్ సీసా.
- లోపలికి వెళ్లడానికి ఇద్దరు మనుషులు. రోజూ ఆ ఇద్దరే.

1. మందుల చరిత్ర రాయండి

ఇది మొదటి రోజే, వీలైతే అడ్మిషన్ గంటలోనే జరగాలి. "ఊళ్లో మూడు రోజులు సూది వేయించాం" అని చెప్తారు. అది జ్వరం సూదో, బలం సూదో, యాంటీబయాటిక్కో ఆ మాటలో తెలీదు. సూది వేసిన ఆర్‌ఎంపీ డాక్టరుకి ఫోన్ చెయ్యండి. "బాబూ, మా నాన్నకి వేసిన సూది ఖాళీ సీసా ఫోటో పెట్టండి, ఇక్కడ డాక్టరు బాబు అడుగుతున్నారు" అంటే సరిపోతుంది. గొడవ పెట్టుకోవద్దు. తప్పు పట్టారంటే ఆయన ఫోన్ ఎత్తడు, మీకు కావాల్సిన పేరు దొరకదు.

స్ట్రిప్పు మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది. ఆ పేరు "సెఫ్" అని మొదలైనా, "ఫ్లాక్సాసిన్", "మైసిన్", "పెనెమ్", "సిలిన్" అని ముగిసినా అది యాంటీబయాటిక్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. కొన్ని స్ట్రిప్పుల మీద నిలువుగా ఎర్ర గీత కనబడుతుంది. డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని దాని అర్థం. 2016లో కేంద్ర ప్రభుత్వం దీని మీద ప్రచారం కూడా చేసింది. ఎర్ర గీత ఉన్నదల్లా యాంటీబయాటిక్ కాదు. కాబట్టి గీత చూసి ఆగిపోకుండా పేరు చదవండి.

ఇంత పట్టుబట్టి ఎందుకు అడుగుతున్నానంటే, యాంటీబయాటిక్ వాడినప్పుడు పేగుల్లో ఉండే బ్యాక్టీరియాలో లొంగేవి చచ్చిపోతాయి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. పోయిన నెలలో ఐదు రోజులు సెఫ్ట్రియాక్సోన్ వేయించుకున్న మనిషికి మళ్లీ అదే మొదలుపెట్టాలా, వేరేది ఎంచుకోవాలా అన్నది డాక్టరు మీ కాగితం చూసే తేల్చుకుంటారు.

సరిచూసుకోవడం ఇలా: రాసిన పేజీలో ప్రతి మందుకీ నాలుగు వివరాలు ఉండాలి. పేరు, ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు, ఎవరు ఇచ్చారు. పేరు దొరక్కపోతే "పేరు తెలీని సూది, మూడు రోజులు" అని అలాగే రాయండి. ఊహించి పేరు పెట్టొద్దు.

సాధారణంగా జరిగే పొరపాటు: డాక్టరు కోప్పడతారని ఊళ్లో చేయించిన వైద్యం దాచిపెట్టడం. దాచిన మందు పేషెంటుకే చేటు చేస్తుంది.

2. రిఫర్ అయి వస్తే, పాత ఆస్పత్రి కాగితాల్లో ఈ మూడు వెతకండి

మన జిల్లాల్లో ఇది పెద్ద విషయం. ఇచ్ఛాపురంలోనో సోంపేటలోనో మొదలైన కేసు పలాస మీదుగా శ్రీకాకుళం వస్తుంది, అక్కడి నుంచి విశాఖ వెళ్తుంది. సాలూరు, పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి విజయనగరానికి వచ్చేవాళ్లదీ అదే దారి. ప్రతి మజిలీలోనూ కొత్త బెడ్డు, కొత్త చేతులు, కొత్త మందు. అంబులెన్స్ ఎక్కే హడావిడిలో కాగితాలు అక్కడే ఉండిపోతాయి.

రిఫరల్ కాగితంలో ఉండాల్సినవి: ఏ యాంటీబయాటిక్ ఏ రోజు మొదలైంది, ఏ పైపు ఏ తేదీన వేశారు, కల్చర్‌కి ఏమైనా పంపారా.

మూడోది చాలామంది వదిలేస్తారు. కల్చర్ ఫలితం పూర్తిగా రావడానికి మామూలుగా రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా పేషెంటు ఇంకో ఊరు చేరిపోతాడు. రిపోర్టు మాత్రం పాత ఆస్పత్రి ల్యాబ్‌లో, ఎవరూ తీసుకోకుండా ఉండిపోతుంది. కొత్త ఆస్పత్రిలో డాక్టరుకి అసలు అలాంటి పరీక్ష చేశారనే తెలియదు. కాబట్టి బయల్దేరే ముందే ల్యాబ్ ఫోన్ నంబరు, శాంపిల్ నంబరు రాసుకోండి. రెండో రోజు నుంచి రోజూ ఒకసారి ఫోన్ చెయ్యండి. అక్కడ దగ్గర్లో మీ బంధువులుంటే వాళ్లను పంపి, రిపోర్టు ఫోటో తెప్పించి ఐసీయూ డాక్టరుకి చూపించండి. రూపాయి ఖర్చు లేని ఈ పని, చాలాసార్లు ఖరీదైన పరీక్ష కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

3. కల్చర్ తీసే టైమ్‌లో అడ్డుపడొద్దు

బ్లడ్ కల్చర్‌కి పెద్దవాళ్ల దగ్గర ఒక్కో సీసాకి 8 నుంచి 10 మి.లీ. రక్తం, సాధారణంగా రెండు చోట్ల నుంచి తీస్తారు. "ఇంత రక్తం ఎందుకు, మనిషి నీరసంగా ఉన్నాడు కదా" అని ఆపేవాళ్లున్నారు. తక్కువ తీస్తే బ్యాక్టీరియా దొరక్కపోవచ్చు. యాంటీబయాటిక్ వెయ్యకముందే తీస్తే ఫలితం నమ్మకంగా ఉంటుంది. అయితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వచ్చినప్పుడు మందు ఆలస్యం చేయకూడదు. అప్పుడు ఏది ముందో డాక్టరుకే వదిలెయ్యండి.

4. చేతులు

ఐసీయూలో బ్యాక్టీరియా ఒక బెడ్డు నుంచి ఇంకో బెడ్డుకి ఎక్కువగా చేతుల మీదే వెళ్తుంది. మా చేతులు కూడా అందులో ఉన్నాయి. ఎసినెటోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా లాంటిది బెడ్డు కమ్మీ మీద, మానిటర్ బటన్ మీద పొడిగా ఉన్నా వారాల తరబడి బతుకుతుంది.

లోపలికి వెళ్లేముందు ఉంగరాలు, గాజులు, వాచీ తీసెయ్యండి. గోళ్లు కత్తిరించుకోండి. చొక్కా చేతులు మోచేతి పైకి మడవండి. పొడి చేతుల్లో శానిటైజర్ పోసుకుని అరచేతులు, చేతి వెనక, వేళ్ల సందులు, బొటనవేలు చుట్టూ, వేళ్ల కొనలు 20 నుంచి 30 సెకన్లు రుద్దండి. చేతికి మురికి కనబడితే, లేదా పేషెంటుకి విరేచనాలవుతుంటే శానిటైజర్ చాలదు. సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు కడగండి.

ఎప్పుడెప్పుడు? పేషెంటుని ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక, బెడ్డునో పక్కనున్న బల్లనో ముట్టుకున్నాక, బయటికి వచ్చేటప్పుడు. చేతులు రుద్దుకున్న మరుక్షణం జేబులోంచి ఫోన్ తీశారంటే మళ్లీ మొదటికే. ఫోన్ బయట ఉన్నవాళ్ల చేతికి ఇచ్చి వెళ్లండి.

గ్లవ్స్ వేసుకుంటే కడగక్కర్లేదు అనుకోవద్దు. గ్లవ్స్‌తో కమ్మీ పట్టుకుని, అదే గ్లవ్స్‌తో ముక్కు పైపు సర్దితే ఉత్త చేతికీ దానికీ తేడా లేదు.

డాక్టరో నర్సో చేతులు శుభ్రం చేసుకోకుండా వస్తే అడగొచ్చా? అడగండి. "మేడమ్, కాస్త శానిటైజర్ రాసుకుంటారా, మా అమ్మకి ఇన్ఫెక్షన్ భయం" అని మెల్లగా అంటే ఎవరూ తప్పు పట్టుకోరు. ఒకే సిస్టర్ మీద ఎక్కువమంది పేషెంట్ల బరువు పడిన రాత్రుళ్లు ఆ గుర్తుచేయడం మాకూ సాయమే.

చుట్టాల మాట. విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను జాతరకి ఊరు నిండా బంధువులు వచ్చిన రోజుల్లో అందరికీ ఒకసారి లోపలికి వెళ్లి చూడాలని ఉంటుంది. ప్రేమ అర్థమవుతుంది. అయినా ఇద్దరి మాట మీదే నిలబడండి, మిగతావాళ్లకి వీడియో కాల్ చూపించండి. జలుబు, దగ్గు, చర్మం మీద పుండ్లు ఉన్నవాళ్లు ఆ ఇద్దరిలో ఉండకూడదు. అరసవల్లి కుంకుమ నుదుట కొద్దిగా పెట్టాలంటే సిస్టర్‌ని అడిగి పెట్టండి. తీర్థం మాత్రం నోట్లో పొయ్యొద్దు. మత్తులో ఉన్న మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మణికట్టుకి రక్ష తాడు కట్టొద్దు. సెలైన్ సూది పక్కన తడిసిన తాడు కింద చర్మాన్ని శుభ్రం చెయ్యలేం.

5. రోజూ పైపులు లెక్కపెట్టండి

నా లెక్కలో ఇంటివాళ్లు చేయగలిగిన పనుల్లో ముఖ్యమైనది ఇదే. నోటు పుస్తకంలో ఒక పేజీ దీనికే ఉంచండి. తల నుంచి కాళ్ల వరకు చూసి ఏ పైపు ఉంది, ఎప్పుడు వేశారు రాయండి: గొంతులో వెంటిలేటర్ గొట్టం, ముక్కులో ఆహారం పైపు, మెడ దగ్గర సెంట్రల్ లైన్, చేతికి సెలైన్ సూది, యూరిన్ పైపు, ఆపరేషన్ అయితే లోపలి ద్రవం బయటికి తీసే గొట్టం (డ్రెయిన్). ఒక్కో పైపూ బ్యాక్టీరియాకి ఒక్కో తలుపు. యూరిన్ పైపు ఉన్న ప్రతి రోజూ నూటికి 3 నుంచి 7 మందికి కొత్తగా మూత్రంలో బ్యాక్టీరియా చేరుతుంది.

రౌండ్స్‌లో డాక్టరు మీతో మాట్లాడేటప్పుడు ఒక్కటే అడగండి: "సర్, ఈ పైపుల్లో ఇవాళ తీసెయ్యగలిగింది ఏమైనా ఉందా?" రోజుకి ఒక్కసారి చాలు. యూరిన్ పైపు గురించైతే "డైపర్‌తోనో, బయట తొడిగే కండోమ్ క్యాథెటర్‌తోనో సర్దుకోవచ్చా?" అని కూడా అడగొచ్చు. వెంటిలేటర్ మీద ఉంటే "మత్తు తగ్గించి సొంతంగా ఊపిరి తీస్తున్నారేమో ఇవాళ చూస్తారా?" అని అడగండి. అవసరం ఉంటే ఎందుకు అవసరమో చెప్తారు. ఆ కారణం కూడా రాసుకోండి. మర్నాడు ఆ కారణం తీరిపోతే అడగడానికి పనికొస్తుంది.

దీనికి సరిగ్గా ఎదురు పని ఇంటివాళ్లే చేస్తుంటారు. "పక్క మాటిమాటికీ మార్చలేం సిస్టర్, పైపు ఉంచెయ్యండి" అంటారు. పక్క తడిస్తే మార్చుకోవచ్చు. మూత్రం నుంచి రక్తంలోకి వెళ్లిన ఇన్ఫెక్షన్‌ని అంత తేలిగ్గా మార్చలేం.

యూరిన్ బ్యాగ్ దగ్గర నాలుగు చూడండి. బ్యాగ్ ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి, కానీ నేలకి తగలకూడదు. పైపు మెలిక పడకూడదు. స్కానింగ్‌కి తీసుకెళ్లేటప్పుడు బ్యాగ్‌ని పేషెంటు పొట్ట మీద పెడుతుంటారు, వద్దని చెప్పండి. బ్యాగ్‌నీ పైపునీ విడదీయడం మీ పని కాదు. సెంట్రల్ లైన్ మీది డ్రెస్సింగ్ ఊడినా, తడిసినా, చుట్టూ ఎర్రబడినా వెంటనే సిస్టర్‌కి చెప్పండి, మీరు అంటించొద్దు.

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం వాళ్లకి ప్రత్యేకంగా. కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస వైపు నుంచి వచ్చే డయాలసిస్ పేషెంట్లలో మెడ పైపు మీద నడిచేవాళ్లుంటారు. ఆ పైపు ఉన్నన్నాళ్లూ రక్తంలో ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది. చేతికి ఫిస్టులా (చేతిలో ధమనినీ సిరనీ కలిపి డయాలసిస్‌కి దారి చేసే చిన్న ఆపరేషన్) వేస్తే ఆ భయం చాలా తగ్గుతుంది. అది వాడకానికి సిద్ధమవడానికి వారాలు, నెలలు పడుతుంది కాబట్టి ముందుగానే డాక్టరుతో మాట్లాడండి. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ, సెలైన్ సూది వెయ్యకుండా గుర్తుచెయ్యండి. మెడ పైపు ద్వారా మామూలు సెలైన్లు, మందులు ఎక్కిస్తుంటే "ఇది డయాలసిస్‌కి వేసింది కదా" అని ఒకసారి అడగండి.

6. తల ఎత్తు, నోరు, ఒత్తిడి పుండ్లు, ఆహారం

వెంటిలేటర్ మీద ఉన్నా, ముక్కు పైపుతో ఆహారం పెడుతున్నా, డాక్టరు వద్దనకపోతే బెడ్డు తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉండాలి. చదునుగా కనబడితే చెప్పండి. నోరు రోజూ శుభ్రం చేస్తున్నారా అని అడగండి, మెత్తటి బ్రష్ తెమ్మంటే తెచ్చివ్వండి. పక్కకి తిప్పడం సుమారు రెండు గంటలకోసారి జరగాలి. లేకపోతే పుండ్లు పడతాయి, అవీ బ్యాక్టీరియాకి దారే.

ఇంటి నుంచి జావ, కొబ్బరినీళ్లు తెచ్చి "పైపులో పొయ్యండి" అనొద్దు. ఎండలో బస్సులో వచ్చిన జావలో ఏం పెరిగిందో తెలీదు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ పాడైన మనిషికి గుండె మీద దెబ్బ కొడుతుంది. కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగిన ఉద్దానం వాళ్లకి ఈ మాట మింగుడు పడదని తెలుసు, అయినా చెప్పక తప్పదు.

"గ్యాస్ సూది వెయ్యండి" అని మీ అంతట మీరు అడగడం కూడా మానండి. కడుపులో ఆమ్లం కొంత బ్యాక్టీరియాని చంపుతుంది. అది తగ్గిస్తే వాటికి దారి సులువవుతుంది. కడుపులో రక్తం పడకుండా డాక్టరే వేస్తుంటే మాత్రం వద్దనొద్దు.

7. "పెద్ద యాంటీబయాటిక్ వెయ్యండి" అనొద్దు

ఖరీదైన మందు త్వరగా నయం చేస్తుందన్న నమ్మకం గట్టిగా ఉంది. మెరోపెనెమ్ లాంటి బలమైన యాంటీబయాటిక్‌లు అవసరమైతే ప్రాణం నిలబెడతాయి. అవసరం లేకుండా వాడితే దానికీ లొంగని రకం మిగులుతుంది. ఆపైన చివరికి మిగిలే కొలిస్టిన్ లాంటి మందులు కిడ్నీల మీద భారం వేస్తాయి.

అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. మందు మొదలైన 48 నుంచి 72 గంటల మధ్య, కల్చర్ రిపోర్టు వచ్చాక, "సర్, రిపోర్టు ప్రకారం ఈ మందు తగ్గించొచ్చా, ఆపొచ్చా, ఎన్ని రోజులు వేస్తారు?" అని అడగండి. ఆపే తేదీ చెప్తే నోట్‌లో రాసుకోండి.

8. కల్చర్ రిపోర్టు చదవడం

పైన ఏ శాంపిల్ అని ఉంటుంది: రక్తమా, మూత్రమా, గొంతు గొట్టంలోంచి తీసిన కఫమా. మధ్యలో బ్యాక్టీరియా పేరు. కింద మందుల జాబితా, ఒక్కో మందుకీ ఎదురుగా ఎస్ అంటే పని చేస్తుంది, ఆర్ అంటే పని చేయదు, ఐ అంటే మధ్యస్థం. "నో గ్రోత్" అంటే ఏదీ పెరగలేదు.

రిపోర్టులో బ్యాక్టీరియా కనబడినంత మాత్రాన జబ్బు చేసిందని కాదు. అది ఒంటి మీద, పైపులో ఊరికే చేరి ఉండొచ్చు. జ్వరం లేదు, బీపీ బాగుంది, యూరిన్ పైపు ఉంది, మూత్రంలో మాత్రం బ్యాక్టీరియా ఉందంటే, గర్భిణీ లాంటి కొన్ని సందర్భాలు తప్ప, యాంటీబయాటిక్ అవసరం ఉండదు. "రిపోర్టులో వచ్చింది కదా, ఎందుకు వెయ్యట్లేదు" అని పోట్లాడొద్దు. రక్తంలో వస్తే మాత్రం డాక్టరు దాన్ని తేలిగ్గా తీసుకోరు, మీరూ తీసుకోవద్దు.

ఆర్‌లు ఎక్కువ కనబడగానే పేషెంటుని ఇంకో ఆస్పత్రికి మార్చెయ్యడం తరచూ జరిగే పొరపాటు. బ్యాక్టీరియా కూడా ఆయనతోపాటే వస్తుంది, మధ్యలో వైద్యం ఒక రోజు ఆగుతుంది. అక్కడ లేని వైద్యం కోసమైతే మార్చండి, రిపోర్టు వెంట తీసుకెళ్లి ముందే చెప్పండి.

విడిగా ఉంచి, లోపలికి వెళ్లేవాళ్లకి గౌను, గ్లవ్స్ ఇస్తే అవమానం అనుకోవద్దు. పక్క బెడ్డులో ఉన్న ఇంకొకరి తండ్రిని కాపాడటానికి అది.

9. ఇంటికి వచ్చాక

ఈ బ్యాక్టీరియా పేగుల్లో నెలల తరబడి ఉండిపోవచ్చు. ఒంట్లో బాగుంటే దానికి మందు వాడక్కర్లేదు, అది పోయిందా లేదా అని మాటిమాటికీ కల్చర్ చేయించక్కర్లేదు. వెలివేసినట్టు చూడొద్దు. మనవలు ఒళ్లో కూర్చోవచ్చు, కంచం సబ్బుతో కడిగితే చాలు, బట్టలు మామూలుగా ఉతికి ఎండలో ఆరేస్తే చాలు. మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, వంటకి ముందు అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. డైపర్ మార్చేవాళ్లు, యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసేవాళ్లు ముందూ వెనకా కడుక్కోవాలి. పైపుతోనే ఇంటికి పంపితే తీసే తేదీ అడిగి రాసుకోండి.

మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు దాచి, వచ్చే నెల జ్వరానికి వెయ్యొద్దు, పక్కింటివాళ్లకి ఇవ్వొద్దు.

డిశ్చార్జి కాగితం, కల్చర్ రిపోర్టు, నోటు పుస్తకం ఒకే కవర్లో పెట్టి, ఆధార్ కార్డు ఉండే చోటే పెట్టండి. ఫోటోలు తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. మళ్లీ ఎప్పుడు ఏ ఆస్పత్రికి వెళ్లినా, క్యాజువాలిటీలో మొదటి ప్రశ్న అడిగేలోపే చెప్పండి: "ఈయన ఫలానా నెలలో ఐసీయూలో ఉన్నారు, కల్చర్‌లో ఇది వచ్చింది, ఇదిగో రిపోర్టు."